ఎఫ్ఎంబీకీ రోవరుకీ ఎందుకు పొసగడం లేదు?

ఎఫ్ఎంబీ అంటే చేల హద్దుల కొలతలు గీసిపెట్టిన పాత సర్వే పుస్తకం, రోవరు అంటే ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే జరిగిన ఊళ్లలో తరచూ వినబడే ప్రశ్న ఇది: పాసుపుస్తకంలో అయిదెకరాలున్న చేను కొత్త కొలతలో నాలుగు సెంట్లు తగ్గింది, ఆ నాలుగు సెంట్లు ఏమైనట్టు? గట్టు పక్కనాయన మీద అనుమానపడేముందు, మన తాతల నాడు ఆ చేనుని దేంతో కొలిచారో చూడాలి.

1800లో నిజాం ఈ రాయలసీమను ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో చేను చేనూ కొలిపించడం మొదలుపెట్టాడు. కొలిచింది 33 అడుగుల గొలుసుతో. నిలువు ఒక గొలుసు, అడ్డం ఒక గొలుసు అయితే గుంట, 40 గుంటలు ఎకరా. తర్వాత 66 అడుగుల గంటర్ గొలుసు వచ్చింది, దానికి 100 లింకులు. పాత ఎఫ్ఎంబీల్లోని అంకెలు ఈ లింకులే. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు.

గొలుసు ఇనుపదే అయినా మాట మార్చేది. వాడేకొద్దీ కడియాలు అరిగి సాగుతుంది. గొలుసుకు నాలుగంగుళాలు సాగితే అయిదెకరాల చేను కాగితం మీద అయిదు సెంట్లు తక్కువ పడుతుంది. వదులుగా పట్టుకున్నా, ఏటవాలు నేల మీద వాలు వెంబడే కొలిచినా లెక్క తిరగబడి, లేని భూమి కాగితానికెక్కుతుంది. జాగ్రత్తగా కొలవడం అప్పటివాళ్లకు తెలియక కాదు. 1811లో గుత్తి దగ్గర లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయరు తన త్రికోణ సర్వే కోసం, త్రికోణాల లెక్కకంతా మూలమైన ఆధారరేఖ కొలిచాడు. ఆయన పద్ధతిలో ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి వేడికి ఎంత సాగిందో కూడా లెక్కేసేవారు. రైతు చేనుకి అంత ఓపిక ఎవరు పెడతారు?

కాంతితో దూరం కొలిచే యంత్రాన్ని స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రాండ్ 1940లలో తయారుచేశాడు. 1957లో దక్షిణాఫ్రికాకు చెందిన వాడ్లీ అదే పని రేడియో తరంగాలతో చేయించాడు. ఇప్పటి సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్ అనే యంత్రం వీటి వారసురాలే. అది పంపిన పరారుణ కిరణం అవతలి కొసన నిలబెట్టిన ప్రిజానికి తగిలి తిరిగొస్తుంది. వెళ్లిన అలకూ వచ్చిన అలకూ మధ్య తేడాను బట్టి దూరం తేలుతుంది. గాలి వేడి ఒక డిగ్రీ మారితే కిలోమీటరుకు సుమారు మిల్లీమీటరే తేడా, మన ఎండల్లో కూడా చేనుకి అది లెక్కలోకి రాదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లూ, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లూ దిగాయి.

అయితే ఏ యంత్రమైనా కొలిచేది మనం చూపించిన బిందువునే. ఆ బిందువు ఎక్కడో చెప్పాల్సింది హద్దురాయి. ట్రాక్టరు దున్నకాల్లో రాయి లేచిపోయినచోట, మనిషి చూపించిన గట్టునే రోవరు సెంటీమీటర్లలో నమోదు చేస్తుంది. ఆ గట్టు ఏనాడో జరిగి ఉంటే ఆ జరుగుడు కూడా అంతే కచ్చితంగా రికార్డుకెక్కుతుంది. అందుకే సర్వేయరు వచ్చే రోజు ఎఫ్ఎంబీ నకలు చేతిలో పెట్టుకుని, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి ఇంకా పాత చోటే ఉందా అని ముందు వెతకండి. కొలత అక్కడి నుంచి మొదలుపెట్టమని అడగండి.