జిగురు తీసేస్తే రక్తనాళం ఆగుతుందా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ల్యాబుల్లో ప్రాజెక్టుకని అనంతపురం, తిరుపతి నుంచి వచ్చే పిల్లలు పట్టుకొచ్చే ఫోటో ఎప్పుడూ ఒకటే. మ్యాట్రిజెల్ (కణాలను పెంచే ప్రొటీన్ల జెల్) మీద నాళ కణాలు అల్లే ట్యూబులు లేవు, కాబట్టి మా మందు కొత్త రక్తనాళాలను ఆపేసింది అంటారు. సీనియర్ చెప్పాడట.

అపోహ: కణాలను అంటించే అణువులు ఒట్టి జిగురు. జిగురు తీస్తే నాళం పెరగదు.

వాస్తవం: నాళం కొమ్మ వేయాలంటే ఆ పట్టు ముందు సడలాలి. వీఈజీఎఫ్ (నాళాలను పెరగమనే సంకేత ప్రొటీన్) తగలగానే వీఈ-క్యాడ్‌హెరిన్ (నాళ కణాలను ఒకదానికొకటి అంటించే ప్రొటీన్) కొంతభాగం కణం లోపలికి పోతుంది, ముందున్న కణం కదలడానికి వీలు దొరుకుతుంది. కొమ్మ కుదిరాక అదే క్యాడ్‌హెరిన్ మళ్లీ బిగించి, వీఈజీఎఫ్ సంకేతాన్ని తగ్గిస్తుంది. ఆ జన్యువే లేని ఎలుక పిండాల్లో నాళాలు మొదలవుతాయి గానీ నిలబడక కూలిపోతాయి.

మరి మీ ప్లేట్ ఖాళీగా ఎందుకుంది? ముందు ట్రిప్సిన్ (కణాలను ప్లేట్ నుంచి లేపే ఎంజైమ్) సంగతి చూడండి. దానితో కలిపే ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, కాల్షియం పోయిన క్యాడ్‌హెరిన్‌ను ట్రిప్సిన్ కోసేస్తుంది. ఫోన్ చూస్తూ ఐదు నిమిషాలు వదిలేస్తే కణాలు బోడిగా జెల్ మీదికి చేరతాయి. 0.025 శాతం ట్రిప్సిన్‌కు 1-2 నిమిషాలు చాలు. కణాలు గుండ్రబడగానే సీరం ఉన్న మీడియం పోసి ఆపండి. ట్రిప్సిన్‌తో లేపిన వెంటనే ఫ్లో సైటోమీటర్లో (కణాల మీది ప్రొటీన్లను కొలిచే యంత్రం) పెట్టి "క్యాడ్‌హెరిన్ తగ్గింది" అని రాసేయడమూ ఇందుకే చెల్లదు.

మ్యాట్రిజెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల్లో, ఐస్ మీద కరిగించాలి. టిప్పులు, ప్లేట్ కూడా చల్లగా ఉండాలి. ఇక్కడి ఏప్రిల్లో బెంచి మీది టిప్పు వేడికే జెల్ ఉండకడుతుంది. 96 వెల్ ప్లేట్‌లో వెల్‌కు 50 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, ఆపైన 10-15 వేల హువెక్ (బొడ్డుతాడు సిర నుంచి తీసిన నాళ) కణాలు. 6వ పాసేజ్ (కొత్త ప్లేట్లోకి మార్చిన విడత) దాటినవి వద్దు. ఫోటో 4-6 గంటల మధ్య తీయండి. మర్నాటికి ఆ అల్లిక దానంతటదే తెగుతుంది, ఆ ఘనత మందుకు కట్టబెట్టకండి.

గైడు ముందు ఖాళీ ప్లేట్ పెట్టాలంటే దడే, తెలుసు. మందు అదే మోతాదుతో, ఫైబ్రోనెక్టిన్ (కణాలు పట్టుకునే ప్రొటీన్) పూసిన వెల్‌లో గంట తర్వాత ఎన్ని కణాలు అంటుకున్నాయో లెక్కపెట్టి, ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్క కూడా పక్కన పెట్టుకుని వెళ్లండి. అక్కడా అంటుకోకపోతే నాళాల ఊసు ఇంకా ఎత్తకూడదు.

"ఇంటెగ్రిన్‌ను ఆపితే ట్యూమర్ ఎండిపోతుంది": ఇంటెగ్రిన్ అంటే కణాన్ని చుట్టూ ఉన్న పదార్థానికి అంటించే ప్రొటీన్. దాన్ని ఆపే మందు సిలెంజిటైడ్ ఆ ఆశతోనే వచ్చింది. 2014లో వెలువడిన మూడో దశ ఫలితాల్లో గ్లయోబ్లాస్టోమా (మెదడు క్యాన్సర్) రోగుల ఆయుష్షు పెరగలేదు. ఎలుకల్లో నానోమోలార్ స్థాయిలో అదే మందు నాళాలను పెంచింది కూడా. ఒక్క మోతాదుతో తేల్చేయకండి.

"ట్యూబులు అల్లితే ఎండోథీలియల్ కణాలే": ఎండోథీలియల్ అంటే నాళం లోపలి పొర కణాలు. ఫైబ్రోబ్లాస్టులూ (బంధన కణజాల కణాలు) అల్లుతాయి. ఎండోథీలియల్ కణాల గుర్తు సీడీ31కి స్టెయిన్ వేసి చూడండి.