మగ్దలేనే మరియ వేశ్య అని ఏ వచనంలో ఉంది?

నెల్లూరులో మా సంఘం స్త్రీల సమాజం తరఫున, అమ్ముడుపోయి తిరిగొచ్చిన ఆడవాళ్లతో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. పోలీసులతో కన్నా మన విశ్వాసులతోనే ఎక్కువ వాదించాల్సి వస్తోంది.

అపోహ: ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేది ముక్కూ మొహం తెలియని ముఠాలు.

బైబిల్లో యోసేపును గుంటలో పడేసి, ఇరవై తులాల వెండికి అమ్మిందెవరు? సొంత అన్నలు. నేను చూసిన కేసుల్లో మొదట ఆశ పెట్టింది పిన్ని వరసామె, పక్కింటి అక్క, ఒకసారైతే మా ప్రార్థన కూటాలకొచ్చే ఆవిడే. ఉదయగిరి, మర్రిపాడు లాంటి మెట్ట ఊళ్లలో వాన లేని ఏడాది కూలి దొరకదు, వడ్డీ మాత్రం ఆగదు. సరిగ్గా అప్పుడే వస్తారు, "కువైట్‌లో ఇంటి పని, ఖద్దామా వీసా, టికెట్టు మాదే" అంటూ. ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి. పది పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే పనికి విదేశం పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని ఉంటుంది. అలాంటి ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వం అనుమతించిన ఏజెన్సీ ద్వారా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి "ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాలింటికని చెప్పు" అన్నాడా, ఇక కదలొద్దు.

అపోహ: ఒప్పుకునే పోయింది కదా!

భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చదవండి. మోసం చేసో, బెదిరించో, డబ్బు ఆశ చూపో తీసుకెళ్లి దోపిడీ చేస్తే, ఆమె ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకే రాదు.

అపోహ: తిరిగొచ్చినామె మగ్దలేనే మరియలాగా ముందు పాపం ఒప్పుకోవాలి.

బైబిల్లో లూకా 8:2 తీయండి. ఏడు దయ్యాలు వదిలిపోయిన మరియ అని ఉంది, వేశ్య అని లేదు. లూకా ఏడో అధ్యాయంలో పాపాత్మురాలు అన్న పేరు లేని స్త్రీని, ఈమెను ఒకరినే చేసి 591లో పోప్ గ్రెగొరీ ప్రసంగించాడు. పద్నాలుగు వందల ఏళ్లయినా ఆ ముద్ర పోలేదు. గుంటలోంచి పైకి తీసిన యోసేపును పశ్చాత్తాపపడమని ఎవరైనా అడిగారా?

అపోహ: విడిపించి, కూటంలో సాక్ష్యం చెప్పిస్తే మన పని అయిపోయినట్టే.

ఈ తప్పు నేనే చేశాను. ఒక శుక్రవారం కూటంలో ఒకామెకు మైకిచ్చాను. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నాలుగు మాటలు చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో ఎవరో ఫోన్లో తీశారు. అది ఆమె అత్తగారి ఊరు చేరడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. మరుసటి వారం కూటానికి రాలేదు. వెళ్లి చూస్తే అద్దె గది ఖాళీ. ఆమె మళ్లీ నాకు కనబడలేదు.

అప్పటినుంచి మా దగ్గర మైకు లేదు, ఫోటో లేదు. పద్దెనిమిది లోపు పిల్లయితే పేరు బయటపెట్టడమే పోక్సో కింద నేరం, యూట్యూబ్ లైవ్ పెట్టే పాస్టరు అయ్యగార్లు గమనించాలి. మొదటి నెల మేము కథ అడగం. ఆసుపత్రి, ఆధార్, బ్యాంకు ఖాతా, ఈ పనులే. లాయర్‌కు డబ్బు అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద అమ్ముడుపోయిన మనిషికి ఉచిత లాయర్ హక్కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే చాలు. పరిహారానికీ అక్కడే అడగాలి. మొన్న వచ్చిన ఆయమ్మ గదిలో అడుగు పెట్టి అడిగిన మొదటి మాట: "గడియ లోపల్నుంచి పడతాదా అక్కా?"

అపోహ: కుట్టు మిషను కొనిస్తే నిలదొక్కుకుంటారు.

దాతలు క్రిస్మస్‌కి తప్పకుండా తెచ్చేది అదే. మా స్టోరు గదిలో నాలుగు ఉన్నాయి, గుడ్డ కప్పి. కుట్టడం ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఒకామెను అడిగితే "నాకు దోసెలొచ్చు" అంది. పెనం, గ్యాస్ బండ, బండి కొనిచ్చాం. ఇప్పుడు కారం దోసెలు పోస్తోంది, పొద్దున తొమ్మిదికల్లా పిండి అయిపోతుంది. ఎక్కడని మాత్రం చెప్పను.