కూలిపోయిన ఆటగాడి పక్కన ఎవరున్నారు?

2004 డిసెంబర్‌లో బెంగళూరులో జరిగిన ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో, మోహన్ బగాన్‌పై తన రెండో గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని పడిపోయిన డెంపో జట్టు బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మళ్లీ లేవలేదు. 2012 మార్చిలో అదే నగరంలో లీగ్ మ్యాచ్ ఆడుతూ కుప్పకూలిన డి. వెంకటేశ్‌ను, మైదానం దగ్గర అంబులెన్స్ లేకపోవడంతో ఆటోలో ఆసుపత్రికి తరలించారు, ఆయనా దక్కలేదు. అంతకు కొద్ది రోజుల ముందే లండన్‌లో 23 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు ఫాబ్రిస్ మువాంబా గుండె 78 నిమిషాలు ఆగినా, వైద్య సిబ్బంది మైదానంలోనే సీపీఆర్ (ఛాతీని పదేపదే నొక్కడం), విద్యుత్ షాక్‌లు మొదలుపెట్టడం వల్ల బతికాడు.

యువకుల గుండె కండరం అసహజంగా మందమయ్యే జబ్బును లండన్ వైద్యుడు డొనాల్డ్ టియర్ 1958లో వివరించిన నాటి నుంచి చాలాకాలం దృష్టంతా జబ్బును ముందే పట్టుకోవడంపైనే నిలిచింది. ఇటలీ 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీతో కూడిన పరీక్షలను అమలు చేయగా, వెనెటో ప్రాంతంలో క్రీడాకారుల ఆకస్మిక గుండె మరణాలు 89 శాతం తగ్గాయని 2006లో వెల్లడైంది. అయితే మువాంబా, 2021లో కోపెన్‌హాగన్‌లో మ్యాచ్ ఆడుతూ పడిపోయిన డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ ఇద్దరూ అంతకుముందు గుండె పరీక్షలు చేయించుకున్నవారే. ఛాతీకి సరిగ్గా ఒకానొక క్షణంలో కార్క్ బాల్ బలంగా తగిలితే ఏ లోపమూ లేని గుండె కూడా ఆగవచ్చు. దానిని ఏ ఈసీజీ ముందుగా చెప్పలేదు.

మన మైదానాల్లో అసలు ఆలస్యం గుర్తించడంలోనే జరుగుతోంది. గుండె ఆగినవాడి చేతులూ కాళ్లూ కాసేపు కొట్టుకోవచ్చు, నోటి నుంచి ఎగశ్వాస రావచ్చు. అది చూసి ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టేవారు, ముఖాన నీళ్లు చల్లేవారు, నాలుక మడతపడిందని నోట్లో వేళ్లు పెట్టేవారు చుట్టూ చేరతారు. గుండెను మళ్లీ గాడిలో పెట్టే షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ, సీపీఆర్ కూడా అందకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఆటగాడు పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే గుండె ఆగిందనే భావించి ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి.

హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఎంత వేగంగా వచ్చినా ఆ తొలి నిమిషాలు వ్యాయామ ఉపాధ్యాయుడివి, తోటి ఆటగాళ్లవి. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం, ఛాతీకి పట్టీలు అంటించాక గుండె లయను తానే చూసి, అవసరమైతేనే షాక్‌కు సిద్ధమవుతుంది. ఏం చేయాలో గొంతుతో చెబుతుంది కాబట్టి డాక్టరే నడపాలన్న నియమం లేదు. దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకుండా మైదానం అంచున ఉంచాలి.