ఎక్కించేదీ గాలే, ఆపేదీ గాలే

ఫైరింజన్‌లో ఉన్న నీళ్లు ఎంతసేపు వస్తాయి? ట్యాంకులో 4,500 లీటర్లుండి, పంపు నిమిషానికి 2,250 లీటర్లు చిమ్మితే రెండే నిమిషాలు. ఆ తర్వాత ఇంకో బండి రావాలి, లేదంటే దగ్గర్లోని అపార్ట్‌మెంట్ సంపులోనో చెరువులోనో పైపు వేసి తోడుకోవాలి. పంపు సత్తా తేలేది అక్కడే.

పంపులో తిరిగేది ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం. దాన్ని బండి ఇంజనే తిప్పుతుంది. మధ్యలోకి వచ్చిన నీళ్లను రెక్కలు అంచుకి విసిరితే, ఆ వేగం చుట్టూ ఉన్న గుల్లలో ఒత్తిడిగా మారుతుంది. అయితే లోపల నీళ్లుంటేనే ఈ పని జరుగుతుంది. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక, ఎంత విసిరినా ఒత్తిడి రాదు. ఇంట్లో మోటారుకి ఎయిర్ పడితే మగ్గుతో నీళ్లు పోస్తాం కదా, ఇదీ అంతే. ఫైరింజన్‌లో ఆ పనికి ప్రైమర్ ఉంటుంది. సక్షన్ పైపులోని, అంటే నీళ్లు లాగే పైపులోని గాలిని అది బయటికి తోడేస్తుంది.

అప్పుడు నీళ్లను పైకి నెట్టేది పంపు కాదు, చెరువు మీద బరువు మోపిన వాతావరణం. సముద్రమట్టం దగ్గర ఆ బరువు నీటిని 10.3 మీటర్ల దాకా నిలబెట్టగలదు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 9.7 మీటర్లే. మే నెలలో నీళ్లు 40 డిగ్రీలకు వేడెక్కితే ఆవిరి ఒత్తిడి ఇంకో ముప్పావు మీటరు తినేస్తుంది. పైపు రాపిడి కూడా తీసేస్తే ఏడు మీటర్లు దక్కడమే గొప్ప. మంటలు ఎక్కువయ్యే ఎండాకాలంలోనే పంపు బలం తగ్గుతుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ హద్దు దాటి లాగితే లోపల ఒత్తిడి పడిపోయి నీళ్లు పంపులోనే మరిగి బుడగలవుతాయి. ఆ బుడగలు పగిలేటప్పుడు లోపల కంకర దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంది, రెక్కల మీద గుంటలు పడతాయి.

బయటికి పంపే వైపు లెక్క సులువు: ప్రతి పది మీటర్ల ఎత్తుకీ ఒక బార్ (దాదాపు వాతావరణం మోపేంత) ఒత్తిడి, దానికి తోడు గొట్టంలో రాపిడి. నీటి ప్రవాహం రెట్టింపైతే రాపిడి నాలుగింతలవుతుంది.

ఇబ్బందంతా లాగే వైపే కాబట్టి మెయింటెనెన్స్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది వాక్యూమ్ టెస్ట్, అంటే గాలి తోడేశాక మళ్లీ చొరబడుతుందేమో చూడటం. పంపులో నీళ్లు పూర్తిగా వదిలేసి, నీళ్లు బయటికి పోయే డెలివరీ వాల్వులన్నీ మూసి, సక్షన్ మూతికి మూత బిగించి ప్రైమర్ నడుపుతారు. వాక్యూమ్ కొలిచే గేజ్ ముల్లు పైకి పోయాక ప్రైమర్ ఆపి, ముల్లు కేసి చూస్తూ నిలబడాలి. హైదరాబాద్‌లో అది పాదరస మట్టంలో 710 మిల్లీమీటర్లు దాటదు. సముద్రమట్టానికి రాసిన 760తో పోల్చి పంపుని తప్పుపట్టకూడదు. ఎంత పైకి పోయిందన్నది ఒక ఎత్తు, అక్కడ ఎంతసేపు నిలబడిందన్నది ఇంకో ఎత్తు. ముల్లు గబగబా జారిందంటే గాలి ఎక్కడి నుంచో చొరబడుతున్నట్టే.

చాలాసార్లు దొంగ దొరికేది పైపులు కలిపే కప్లింగ్‌లోని రబ్బరు వాషర్ దగ్గర. ఎండకి గట్టిపడి, అంచున వెంట్రుకంత పగులు వచ్చినా చాలు. ఇంపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ చుట్టూ సందు మూసే గ్లాండ్ ప్యాకింగ్ ఎండిపోయినా ఇంతే. నడిచేటప్పుడు అక్కడ నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటే అది రోగం కాదు, ఆ తడే దాన్ని చల్లగా ఉంచుతుంది. చెరువు నీళ్లు తోడి వచ్చాక మంచినీళ్లతో కడగకపోతే ఇసుక చేరి ఆ ప్యాకింగ్‌నే అరగదీస్తుంది.

లీకు ఎక్కడో తెలియాలంటే ముందు పంపుని ఒంటరిగా పరీక్షిస్తారు. ముల్లు నిలబడితే ఒక సక్షన్ పైపు బిగించి దాని కొసకి మూత పెట్టి మళ్లీ చూస్తారు, ఆ తర్వాత రెండోది. ఏ ముక్క చేరాక ముల్లు జారిందో ఆ కీలు దగ్గరే వాషర్ మార్చాలి.