నర్సుల మాటకు ఎంత విలువ? కొలతపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ఆసుపత్రుల్లో ‘షేర్డ్ గవర్నెన్స్’ (నిర్ణయాధికారాన్ని మేనేజ్‌మెంట్, నర్సులు పంచుకోవడం) అన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. దాంతోపాటే అపోహలూ.

అపోహ: నర్సుల కమిటీ ఉంది, నెలనెలా మీటింగ్ జరుగుతోంది. ఇంకేం కావాలి?

వాస్తవం: మినిట్స్ రిజిస్టర్ తిరగేయండి, తెలుస్తుంది. ఒకచోట కొత్త రకం క్యాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టాలు) స్టోర్‌కి వచ్చేశాక వాటిని కమిటీ ముందు పెట్టి, ‘చర్చించి ఆమోదించడమైనది’ అని రాయించారు. కింద సిస్టర్లందరి సంతకాలూ ఉన్నాయి. కొనకముందు మాత్రం ఒక్కరినీ అడగలేదు.

అపోహ: అధికారాన్ని కొలవడం కుదరదు, అదంతా ఎవరికి ఎలా అనిపిస్తే అలా.

వాస్తవం: కుదురుతుంది. నర్సింగ్ పరిశోధకుడు రాబర్ట్ హెస్ 1998లో ప్రచురించిన ‘ఇండెక్స్ ఆఫ్ ప్రొఫెషనల్ నర్సింగ్ గవర్నెన్స్’ అనే ప్రశ్నావళిలో 86 అంశాలున్నాయి. (తర్వాత 50 అంశాలకు కుదించిన రూపమూ వచ్చింది.) సంతోషంగా ఉన్నారా అని అది అడగదు. ఫలానా నిర్ణయం ఎవరి చేతిలో ఉందని అడుగుతుంది. పూర్తిగా మేనేజ్‌మెంట్‌దైతే 1, ఇద్దరిదీ సమానమైతే 3, పూర్తిగా నర్సులదైతే 5. మొత్తం 172 వరకు వస్తే పాత పద్ధతి, 173 నుంచి 344 దాకా పంచుకున్న అధికారం, ఆపైన నర్సుల సొంత పాలన.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అన్నిటికీ 2 పెట్టారనుకుందాం. అంటే ‘నిర్ణయం వాళ్లదే, మమ్మల్నీ కాస్త అడుగుతారు’ అని. 86 రెళ్లు 172. ఊరికే అడిగి వదిలేస్తే గీత దాటరన్నమాట! ఈ హద్దు పెట్టిన తీరు నాకు భలే నచ్చుతుంది.

అపోహ: ఎన్ని మార్కులొస్తే అంత గొప్ప.

వాస్తవం: ఇది పరీక్ష కాదు. అన్నిటికీ 5 పడి 430 వస్తే మేనేజ్‌మెంట్‌కు ఏ పాత్రా లేదని అర్థం, అది ఎవరికీ అక్కర్లేదు. మొత్తం కన్నా విడి భాగాలు చూడాలి. సిబ్బంది, సమాచారం, వనరులు, పాల్గొనడం, వృత్తి పద్ధతులు, లక్ష్యాలు అని 6 ఉన్నాయి. డ్రెస్సింగ్ ఎలా చేయాలో సిస్టర్లే తేల్చుకుంటున్నా, రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో), కొత్తవాళ్ల ఎంపికలో వాళ్ల మాట చెల్లకపోవచ్చు. మొత్తం మార్కు ఆ సంగతి కప్పేస్తుంది.

అపోహ: ఫారం మీద పేరు లేకపోతే నిజమే రాస్తారు.

వాస్తవం: మారతహళ్లి వైపు ఒక వార్డులో కర్నూలు సిస్టర్ ఒక్కరే ఉంటే? సొంతూరు, సర్వీసు, షిఫ్టు అడిగితే పేరు అడిగినట్టే. పైగా నింపిన ఫారం ఇన్‌ఛార్జ్ చేతికే ఇవ్వాలంటే, ‘ఎందుకక్కా గొడవ, అన్నిటికీ మధ్యలో టిక్ పెట్టేశా’ అంటారు. అన్నీ 3లే ఉన్న కట్ట కనిపిస్తే నేను పక్కన పెట్టేస్తాను. మూతేసిన డబ్బా పెట్టండి, ఊరు అడగడం మానండి.

అపోహ: సూపరింటెండెంట్ మేడమ్ నింపితే సరిపోతుంది, ఆవిడకి అన్నీ తెలుసు.

వాస్తవం: ఆవిడా నింపాలి, వార్డులో సిస్టర్లూ నింపాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. రోస్టర్ దగ్గర ఆఫీసు 4 పెట్టి, వార్డు 1 పెడితే ముందు మాట్లాడాల్సింది ఆ తేడా గురించే. నైట్ డ్యూటీ మార్చుకోవాలంటే ఎన్ని సంతకాలు కావాలో అడగండి. సంభాషణ దానంతట అదే మొదలవుతుంది.