కిటికీకి కట్టిన కుండ

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "సార్, మా పాత ఓమ్నీకి ఏసీ లేదు. కిటికీకి కూలర్ డబ్బా బిగిస్తే పనిచేస్తుందా?"

పనిచేస్తుంది. అలాంటి డబ్బానే మా బావ ఒడిశా బరంపురంలో బిగించుకున్నాడు. వారం తిరక్కుండానే పీకేశాడు. ఎందుకో చెప్పాలని ఎప్పట్నుంచో నాకు ఆశ.

ఆలోచన పాతదే. కార్లలో ఏసీలు మామూలు కాకముందు అమెరికా ఎడారి దారుల్లో కిటికీకి గొట్టం లాంటి కూలర్ తగిలించుకుని వెళ్లేవారు. కారు పరుగుకే గాలి దాని నోట్లో దూరి, తడి మెత్త గుండా లోపలికొచ్చేది. ఫ్యాన్ కూడా అక్కర్లేదు.

ఇందులో ఉన్నదంతా మట్టికుండ విద్యే. బడిలో బాష్పీభవన గుప్తోష్ణం, అంటే గ్రాము నీటిని ఆవిరి చేసే వేడి, 540 క్యాలరీలని బట్టీ పట్టిస్తాం, వరండాలో చెమర్చిన కుండను మాత్రం పిల్లలకు చూపించం. నాకిది చాలా బాధ. ఆ 540 మరిగే నీటి లెక్క. మామూలు ఎండలో గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీలు కావాలి, వాటిని గాలి నుంచే లాక్కుంటుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 220 ఘనపు మీటర్ల గాలి 10 డిగ్రీలు చల్లబడుతుంది. కొందరు నీళ్లలో ఐసు వేస్తారు. గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీలే, అంటే ఏడో వంతు. ఆ డబ్బుతో మంచి కూలర్ గడ్డి కొనండి.

అయితే ఎంత చల్లబడాలో తేల్చేది గాలిలోని తేమ. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి. అది ఎక్కడ ఆగితే కూలర్‌కు అదే హద్దు. సిరొంచలో మే మధ్యాహ్నం 44 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుందాం. తడిగుడ్డ 23 దగ్గర ఆగుతుంది. తేడా 21. ఇంట్లో చేసిన డబ్బా అందులో 60 శాతం సాధించినా గాలి 31, 32కి దిగుతుంది. సముద్రం పక్కనున్న బరంపురంలో 36 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే తడిగుడ్డ 31 దగ్గరే ఆగుతుంది. డబ్బా ఇచ్చేది 3 డిగ్రీలు, పైగా చెమట ఆరదు. మా బావకు జరిగింది ఇదే.

బండి ముందు కట్టిన నిమ్మకాయ త్వరగా ఎండితే దిష్టి లాగేసిందంటారు. గాలి ఎంత పొడిగా ఉందో చెబుతోందది. కూలర్ పెట్టుకునేవాడికి అంతకంటే మంచి కబురు లేదు.

ఇంకో సంగతి. కూలర్‌కు అవతలి వైపున్న వెనక అద్దం రెండు మూడు అంగుళాలు తెరిచి ఉంచాలి. అద్దాలన్నీ మూస్తే లోపలే తేమ పేరుకుని, సిరొంచలోనే బరంపురం తయారవుతుంది. ఇళ్లలో కూలర్ వేసి తలుపులు బిగించేవాళ్లదీ ఇదే పొరపాటు. కుండను అలమరలో పెట్టి తలుపేస్తే నీళ్లు చల్లబడవని మన అమ్మమ్మలకు తెలుసు.

బిగింపు సంగతి: ఎడమ వైపు వెనక కిటికీకి పెట్టు, డ్రైవర్‌కు వెనక బళ్లను చూపించే అద్దాలు కనబడాలి. నీళ్ల బరువు కిటికీ మీద పడకూడదు. క్యాన్ కింద ఉంచి 12 వోల్టుల చిన్న పంపుతో గడ్డి తడుపు. సెకనుకు 150 లీటర్ల గాలి వస్తే గంటకు 3 లీటర్ల నీళ్లు పోతాయి. సాయంత్రం నీళ్లు పారబోసి గడ్డి ఆరబెట్టు, లేదంటే నీచు కంపు.

జులైలో ప్రాణహిత పొంగే నాటికి మామూలు థర్మామీటర్‌కూ తడిగుడ్డ చుట్టినదానికీ మధ్య తేడా నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు డబ్బా విప్పేయ్.