మాగ్నం రివాల్వర్ తూటాల రీలోడింగ్: క్రింప్, పౌడర్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

రివాల్వర్ తూటాలను ఇంట్లోనే తయారుచేసుకునే నలుగురు ఒకచోట చేరితే రెండు వాదనలు తప్పవు. క్రింప్, అంటే ఇత్తడి కేసు మూతిని బుల్లెట్ (తూటా కొసన ఉండి దూసుకెళ్లే గుండు) మీదికి నొక్కడం, ఎంత బిగించాలన్నది ఒకటి, ఏ పౌడర్ (కేసులో నింపే మందుపొడి) మేలన్నది మరొకటి. ఈ రెంటినీ విడివిడిగా వాదించుకోవడమే అసలు చిక్కు. పౌడర్ ఏదో తేలితే క్రింప్ సంగతి సగం తేలినట్టే. టెక్సస్‌లో ఉంటూ .357, .44 మాగ్నం (బలమెక్కువున్న రివాల్వర్ తూటాలు) రీలోడ్ చేసేవాడిగా, అంటే పేలిన కేసులను మళ్లీ నింపుకునేవాడిగా, నాకు తరచూ వినిపించే మాటలను ఇక్కడ విప్పి చూపిస్తాను. గ్రెయిన్ల లెక్కలు (పౌడర్ తూకాలు) మాత్రం ఇవ్వను. అవి పౌడర్ కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవలసినవే తప్ప ఇంకెవరి నోటా వినవలసినవి కావు.

అపోహ: బుల్లెట్‌ను పట్టి ఉంచేది క్రింపే.

కాదు. పట్టి ఉంచేది ఇత్తడి కేసు బిగువు. సైజింగ్ డై అనే అచ్చు కేసును బుల్లెట్ కన్నా కాస్త సన్నగా నొక్కుతుంది, ఎక్స్‌పాండర్ దాన్ని కొద్దిగా తెరుస్తుంది, అందులోకి బుల్లెట్ బిగుతుగా దిగుతుంది. ఆ బిగుతే లేకపోతే మూతి దగ్గర ఎంత మడిచినా దండగే. పరీక్ష చాలా తేలిక. క్రింప్ చేయకముందే తూటాను చేతిలోకి తీసుకుని, బుల్లెట్ ముక్కును బల్ల అంచుకు ఆనించి బొటనవేళ్ల బలంతో నొక్కండి. బుల్లెట్ లోపలికి జరిగిందా, ఎక్స్‌పాండర్ లావుగా ఉందని అర్థం. చాలామంది ఈ దశలో క్రింప్ డైని ఇంకో పావు చుట్టు తిప్పుతారు. రోగం ఒకచోట, మందు ఒకచోట.

మరి క్రింప్ దేనికి? రివాల్వర్ పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. సిలిండర్‌లో మిగిలిన తూటాల కేసులు అంచు పట్టు వల్ల దానితో పాటే వెనక్కి వస్తాయి. లోపలి బరువైన బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే కేసులోంచి ముందుకు జారుతుంది. అది సిలిండర్ ముందు అంచును దాటి పొడుచుకొచ్చిందంటే సిలిండర్ ఇక తిరగదు. స్కాండియం మిశ్రమలోహపు తేలికపాటి రివాల్వర్లలో ఈ బెడద ఎక్కువ. మీ తుపాకిలో ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక తూటా పొడవును కాలిపర్‌తో కొలిచి రాసుకోండి, ఆరు గదులూ నింపి మిగిలిన ఐదూ పేల్చండి, కొలిచినదాన్ని బయటికి తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరగకపోతే క్రింప్ చాలినంత ఉన్నట్టే. నిదానంగా మండే పౌడర్లకు నిప్పు సరిగా అంటుకునేదాకా బుల్లెట్‌ను ఆపి ఉంచడం క్రింప్ చేసే రెండో పని. దాని గురించి కింద చెబుతాను.

అపోహ: ఎంత బిగిస్తే అంత మంచిది.

ఇత్తడికి కొద్దిగా వెనక్కి సాగే గుణముంది, సీసానికి లేదు. అతిగా నొక్కితే లోపలి సీసపు బుల్లెట్ సన్నబడి అలాగే ఉండిపోతుంది, ఇత్తడేమో కాస్త వెనక్కి వస్తుంది. చివరికి పట్టు పెరగకపోగా తగ్గుతుంది. రాగిపూత బుల్లెట్లయితే పూత తెగే ప్రమాదం కూడా ఉంది. పైగా మూతికి దిగువన కేసు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి ఆనకపోయినా సిలిండర్ పసిగడుతుంది. మంచి తూటా తన బరువుకే గదిలోకి జారి టక్కున కూర్చుంటుంది, ఉబ్బినది సగంలో నిలిచి వేలితో నెట్టమంటుంది.

సరైన రోల్ క్రింప్‌లో కేసు మూతి బుల్లెట్ మీది గాడిలోకి ఒదిగి ఉంటుంది. బుల్లెట్ వైపు నుంచి గోరు గీస్తే మూతి అంచు గోటికి తగలకూడదు. ఇక్కడ కేసుల పొడవు ముఖ్యం. .357 మాగ్నం కేసు గరిష్ఠ పొడవు 1.290 అంగుళాలు. పొడుగు, పొట్టి కేసులు కలిపి ఒకే డై కిందకు పంపితే పొడుగువాటికి అతి క్రింప్, పొట్టివాటికి అరకొర క్రింప్ పడతాయి. ముందు అన్నింటినీ ఒకే కొలతకు కోసుకోండి. బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం రెండు వేర్వేరు దశల్లో చేస్తే ఇంకా మేలు.

అపోహ: టేపర్ క్రింప్ కొత్త పద్ధతి, రోల్ క్రింప్ పాతబడింది.

కొత్త పాత అనేది లేదు. రోల్ క్రింప్ మూతిని లోపలికి మడుస్తుంది, టేపర్ క్రింప్ మడవకుండా వాలుగా నొక్కుతుంది. 9 ఎంఎం, .45 ఏసీపీ వంటి పిస్టల్ తూటాలు గదిలో కేసు మూతి ఆధారంగా నిలుస్తాయి, మూతిని లోపలికి మడిస్తే ఆ ఆధారం పోతుంది, అందుకే వాటికి టేపర్. రివాల్వర్ తూటా అడుగు అంచు మీద నిలుస్తుంది కనుక మూతిని నిశ్చింతగా మడవవచ్చు.

అపోహ: పౌడర్ తగ్గిస్తే ప్రమాదమూ తగ్గుతుంది.

నన్నడిగితే అన్నింటిలోకీ ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే చాలా పౌడర్ల విషయంలో ఇది నిజం కూడా. తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలన్నది మంచి నియమమే. హాడ్గ్‌డన్ హెచ్110కి మాత్రం అది వర్తించదు. వించెస్టర్ 296 పేరుతో అమ్మేదీ అదే పౌడర్. పేర్కొన్న మోతాదులో 3 శాతానికి మించి తగ్గించవద్దని కంపెనీయే హెచ్చరిస్తుంది. గుండ్రని గింజల ఈ బాల్ పౌడర్‌కు నిప్పు అంత త్వరగా అంటదు. సరిగా మండాలంటే నిండు కేసు, బరువైన బుల్లెట్, మాగ్నం ప్రైమర్ (కేసు అడుగున పౌడర్‌కు నిప్పంటించే చిన్న కప్పు, ఎక్కువ మంట ఇచ్చే రకం), గట్టి క్రింప్ నాలుగూ కావాలి. మోతాదు తగ్గినా, క్రింప్ వదులైనా ఒత్తిడి పెరగకముందే బుల్లెట్ కదిలిపోయి మంట ఆరిపోవచ్చు. అప్పుడు ధన్ మనాల్సినది తుస్సుమంటుంది, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. ఆ శబ్దం విన్నాక ట్రిగ్గర్ జోలికి పోకండి. రెండో తూటా పేలితే బ్యారెల్ ఉబ్బవచ్చు, చీలిపోవచ్చు కూడా.

మెత్తటి తూటాలు కావాలనుకుంటే పౌడర్ తగ్గించడం కాదు, పౌడర్ మార్చాలి. మధ్యస్థపు మోతాదులకు యూనిక్ ఎన్నో ఏళ్లుగా నమ్మకమైనది. అలయంట్ 2400 పూర్తి బలానికి పనికొస్తుంది, కొంత తగ్గించినా మొండికేయదు. .44 మాగ్నం 1955లో రాకముందే రివాల్వర్ల నిపుణుడు ఎల్మర్ కీత్ తన బరువైన .44 స్పెషల్ తూటాలకు వాడింది దీన్నే. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందు చెప్పేది కూడా ఇదే.

బుల్స్ఐ, టైట్‌గ్రూప్ వంటి వేగపు పౌడర్లతో ముప్పు వేరే రకం. మోతాదు మరీ చిన్నది, కేసు పెద్దది, పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. బుల్లెట్ పెట్టేముందు కేసులన్నింటినీ చెక్క పలకలో నిలబెట్టి, దీపం వేసి, ప్రతిదానిలోకీ తొంగిచూడాల్సిందే.

అపోహ: మాగ్నం తూటా కాబట్టి మాగ్నం ప్రైమరే వేయాలి.

పేరును బట్టి కాదు, పౌడర్‌ను బట్టి. 2400కు సాధారణ ప్రైమర్ సరిపోతుంది. ప్రైమర్ మారితే ఒత్తిడీ మారుతుంది కనుక మాన్యువల్‌లో ఏది రాస్తే అదే.

అపోహ: ప్రైమర్ చదునుగా అవ్వలేదంటే ఒత్తిడి అదుపులోనే ఉంది.

ప్రైమర్ కప్పుల గట్టిదనం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. చదును కాలేదన్నంత మాత్రాన అది అభయం కాదు. .357కు ముందు వచ్చిన, కేసు పొట్టిదైన .38 స్పెషల్‌కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357 మాగ్నంకు 35,000. అందుకే 1935లో .357ను తెచ్చినప్పుడు పాత .38 తుపాకుల్లో పట్టకుండా కేసును పొడిగించారు. పేలిన కేసులు తేలిగ్గా బయటికి రాక తట్టి తీయాల్సి వస్తే ఆ రోజుకు అక్కడితో ఆపేయండి.

అపోహ: అమెరికాలో ఉన్నవారెవరైనా చేసుకోవచ్చు.

మనవాళ్లు ముఖ్యంగా గమనించవలసినది ఇది. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మే వ్యాపారానికి కావాలి. అయితే ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి గాని తూటాలు గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టం లెక్కలో కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా ఉన్నా తూటా కిందికే వస్తాయి. కాబట్టి గ్రీన్ కార్డున్న స్నేహితుడి సామాను హెచ్-1బి గదిలో దాచిపెట్టడం కూడా కుదరదు. భారత్‌లోనైతే 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి.